ఫ్రిజ్‌లోనా, బయటా? కేక్ దాచడంపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కేక్ ఎలా చేయాలని అడిగినవి కావు, చేసిన కేక్‌ను ఫంక్షన్ టైమ్ దాకా ఎలా కాపాడుకోవాలని అడిగినవి. చాలా సంతోషమేసింది, ఎందుకంటే ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పరు. రెసిపీలన్నీ ‘నచ్చినట్టు అలంకరించుకోండి’ అని ఆగిపోతాయి, అసలు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. అందుకే ఈ సంచికలో జవాబులన్నీ దాని మీదే.

ప్ర: మేడమ్, మా పాప పుట్టినరోజు ఆదివారం సాయంత్రం. ఫాండెంట్ కేక్ శనివారం రాత్రికే పూర్తి చేసి పెట్టుకోవాలి. పోయినసారి ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కేకంతా చెమట పట్టి జిగురుగా అయిపోయింది, ఎర్ర రంగు తెల్లటి ఫాండెంట్ మీదికి కారింది. బయట ఉంచుదామంటే పాడవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

జ: ఫాండెంట్‌కి ఫ్రిజ్ అక్కర్లేదండీ. అది కేక్ మీద పలకలా పరిచే ముద్ద, దాదాపు అంతా చక్కెరే, చల్లటి గదిలో దానికేమీ కాదు. ఎక్కడ ఉంచాలన్నది లోపల మీరేం పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. లోపల గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే ముద్ద), జామ్, లేదా వెన్న, ఐసింగ్ షుగర్ మాత్రమే కలిపి చేసిన బటర్‌క్రీమ్ ఉంటే ఆ కేక్ ఒక రాత్రి బయట నిక్షేపంగా ఉంటుంది. ఎండ తగలని గది, 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఏసీ, అట్టపెట్టె, అంతే. ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం వద్దు, అందులో తేమ బయటికి పోయే దారి ఉండదు. అట్ట అయితే కొంత తేమను పీల్చుకుంటుంది. అదే లోపల విప్పింగ్ క్రీమ్, క్రీమ్ చీజ్, కస్టర్డ్, కోసిన పండ్లు ఉంటే ఫ్రిజ్ తప్పదు, పైన ఫాండెంట్ అందం చెడిపోతుందని దాన్ని రాత్రంతా బయట ఉంచడానికి లేదు.

ఇక చెమట సంగతి. చల్లటి నీళ్లు పోసిన గ్లాసు బయట పెడితే దాని చుట్టూ నీటి బొట్లు పట్టినట్టే, ఫ్రిజ్‌లోంచి తీసిన కేక్‌కి గదిలోని తేమగాలి తగలగానే నీరు పడుతుంది. చక్కెర ఆ నీటిని లాగేసుకుని కరుగుతుంది, దాంతోపాటు రంగూ కరుగుతుంది. అంటే మీ కేక్ చెడింది ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు కాదు, బయటికి తీసిన మొదటి పావుగంటలో. దీనికి ఉపాయం ఉంది. కేక్‌ను అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మొత్తానికి క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక ఆ ఫిల్మ్ విప్పకండి, మూత తెరవకండి. నీరంతా ఫిల్మ్ మీద పడుతుంది, కేక్ మీద పడదు. చిన్న కేక్ గది వేడికి రావడానికి రెండు గంటలు పడుతుంది, పెద్దదైతే మూడు నాలుగు కూడా పట్టొచ్చు. ఆ కాసేపూ మూత తీసి చూడాలని చేతులు లాగుతాయి, ఓపిక పట్టండి. ఒకవేళ చెమట పట్టేసినా గుడ్డతోనో టిష్యూతోనో తుడవకండి, రంగు పులుముకుపోతుంది. కొంచెం దూరం నుంచి ఫ్యాన్ గాలి తగలనిస్తే నెమ్మదిగా అదే ఆరిపోతుంది.

ఇక్కడో చిక్కు ఉందని మీకు ఇప్పటికే తోచి ఉంటుంది. లోపల తాజా క్రీమ్ ఉంటే ఆ మూడు గంటలు బయట ఉంచడం ఎలా? అది కుదరదు. అందుకే ఫాండెంట్ కింద విప్పింగ్ క్రీమ్ పెట్టడం నాకు అసలు నచ్చదు. కేక్ రాత్రి ఎక్కడ ఉండబోతోందో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి లోపలి పొర ఎంచుకోండి. డార్క్ చాక్లెట్ రెండు వంతులు, క్రీమ్ ఒక వంతు వేసి గనాష్ చేసుకుంటే గట్టిగా నిలబడుతుంది, ఫాండెంట్‌కి నున్నటి పునాది కూడా అవుతుంది. వైట్ చాక్లెట్ అయితే మూడు వంతులకి ఒక వంతు క్రీమ్ వేయండి, అది మెత్తన కాబట్టి. మీ గది బాగా వేడిగా ఉండి ఏసీ కూడా లేకపోతే మాత్రం, బటర్‌క్రీమ్ ఉన్న కేక్‌ను పెట్టె, ఫిల్మ్ పద్ధతిలో ఫ్రిజ్‌లోనే పెట్టండి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, దానికి చాలా ముందే మెత్తబడి ఫాండెంట్‌ను కిందికి జార్చేస్తుంది.

ప్ర: మా నాన్నగారి రిటైర్మెంట్ పార్టీ. కేక్ కటింగ్ సాయంత్రం 7కి. తాజా క్రీమ్, స్ట్రాబెర్రీలు ఉన్న కేక్ ఉదయం 11కే వచ్చేస్తుంది. అప్పటి నుంచే హాల్లో టేబుల్ మీద అందరికీ కనబడేలా పెట్టొచ్చా?

జ: వద్దండీ, దయచేసి పెట్టకండి. తాజా పాల క్రీమ్ ఉన్నది ఏదైనా బయట ఉండగలిగేది మొత్తం మీద రెండు గంటలు. గది 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ‘మొత్తం మీద’ అంటే, దారిలో బండిలో గడిచిన సమయమూ, కటింగ్ అయ్యాక ముక్కలు పంచేదాకా పట్టే సమయమూ అందులోనే లెక్క. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి, వాసన చూసినా రుచి చూసినా చాలాసార్లు తేడా తెలియదు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు తినే కేక్‌తో ఆ రిస్క్ వద్దు. టేబుల్ అంతా పూలతో, లైట్లతో అలంకరించి కేక్‌కి మధ్యలో చోటు వదిలేయండి. 6.30కి తీసుకొచ్చి పెడితే అందరూ అప్పుడు చూస్తారు, ఫోటోలు అప్పుడే తీసుకోవచ్చు.

కొందరు అడుగుతుంటారు, నాన్‌డైరీ విప్ టాపింగ్ అయితే పర్వాలేదు కదా అని. అందులో ఉండేది చాలావరకు త్వరగా కరగని గట్టి వనస్పతి కొవ్వు కాబట్టి ఆకారం ఎక్కువసేపు నిలుస్తుంది, నిజమే. కానీ ఆకారం నిలవడం వేరు, తినడానికి బాగుండటం వేరు. డబ్బా మీద రాసిన సూచన చదివి అదే పాటించండి.

స్ట్రాబెర్రీలు కోసి పెడితే రసం ఊరి క్రీమ్ మీద గులాబీ మరకలు పడతాయి. కేక్ వేరేవాళ్లు చేస్తున్నారు కాబట్టి పండ్లు విడిగా పంపమని అడగండి. బాగా తుడిచి ఆరబెట్టి, కోయకుండా అలాగే బయటికి తీసే ముందు మీరే పైన అమర్చుకోవచ్చు. కోసినవే కావాలంటే కొంచెం నీళ్లు కలిపి వేడి చేసిన జామ్‌ను చల్లార్చి పల్చగా వాటి మీద బ్రష్‌తో రాయండి, రసం కాస్త ఆగుతుంది, మెరుపూ వస్తుంది.

ప్ర: మా చెల్లి పెళ్లికి మూడంతస్తుల బటర్‌క్రీమ్ కేక్ నేనే చేస్తానని మాటిచ్చేశాను. ఉద్యోగం చేస్తూ ఒక్కరోజులో చేయలేను. ఎన్ని రోజుల ముందు నుంచి మొదలుపెట్టొచ్చు మేడమ్?

జ: మాటిచ్చారంటే సగం పని అయిపోయినట్టే అనుకోండి, మిగతాది లెక్క ప్రకారం చేసుకోవచ్చు. కేక్ కోసే గంట నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి.

చక్కెర పూలు చేస్తున్నారా? ఆరితే గట్టిపడే చక్కెర ముద్ద గమ్ పేస్ట్‌తో చేసేవైతే వారాల ముందే చేసేయొచ్చు. పూర్తిగా ఆరాక, వెలుతురు పడని చోట అట్టపెట్టెలో టిష్యూ పేపర్ పరిచి దాచుకోండి. వాటికి ఫ్రిజ్ పనికిరాదు, తేమకు మెత్తబడి రేకలు వాలిపోతాయి.

స్పాంజ్ లేయర్లు నెల ముందు కూడా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, చాలామంది దీన్ని నమ్మరు. పూర్తిగా చల్లారనిచ్చి, ఒక్కో లేయర్‌కి విడిగా క్లింగ్ ఫిల్మ్ రెండు చుట్లు, దాని మీద ఫాయిల్ చుట్టి, మీద తేదీ రాసి పెట్టండి. కేక్ పాతబడటం అంటే లోపలి పిండిపదార్థం మెల్లగా గట్టిపడటం, అది ఎక్కువ వేగంగా జరిగేది ఫ్రిజ్ చల్లదనంలో. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. కాబట్టి ఒట్టి స్పాంజ్‌ను నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టే కన్నా ఫ్రీజర్‌లో పెట్టడమే మేలు. వాడే ముందు రోజు రాత్రి, చుట్టింది విప్పకుండా ఫ్రిజ్‌లోకి మార్చండి.

పెళ్లికి రెండు రోజుల ముందు లేయర్ల మధ్య క్రీమ్ పెట్టి, పల్చగా క్రంబ్ కోట్ (కేక్ పొడి రాలకుండా వేసే మొదటి పూత) వేసి ఆపేయండి. ఆ పూటే పై కోటింగ్ కూడా పూర్తి చేసేద్దామన్న ఆత్రం వద్దు. లేయర్లు బరువుకి కొన్ని గంటల పాటు కిందికి దిగుతాయి, మధ్యలోని క్రీమ్ పక్కలకి ఉబుకుతుంది, మీరు నున్నగా పూసిన ఐసింగ్ చుట్టూ గీతలా పొంగుతుంది. చాలామంది దాన్ని తమ చేతి లోపం అనుకుని బాధపడతారు, అది ఓపికతో తీరే సంగతి. మధ్యలో జామ్ లాంటి పల్చటిది ఉంటే ముందు అంచు చుట్టూ గట్టి బటర్‌క్రీమ్‌తో గోడ కట్టి అందులో పోయండి.

ముందు రోజు పై కోటింగ్. ప్రతి అంతస్తుకీ దాని సైజు బోర్డు విడిగా ఉండాలి, కింది రెండు అంతస్తుల్లో డోవెల్ పుల్లలు కేక్ ఎత్తుకి సరిగ్గా సమానంగా కోసి గుచ్చాలి. పై అంతస్తు బరువు మోసేది ఆ పుల్లలు, బోర్డులే, స్పాంజ్ కాదు. ఎరుపు, నలుపు, ముదురు నీలం రంగులు బటర్‌క్రీమ్‌లో రాత్రికి రాత్రి ముదురుతాయి కాబట్టి కావలసిన దానికన్నా కాస్త లేతగా కలిపి వదిలేయండి. ఇంకోటి, ఇది ఇప్పుడే చేయండి: టేప్ తీసుకుని ఫ్రిజ్ లోపలి ఎత్తు, వెడల్పు కొలవండి. అరలు తీస్తే కింది అంతస్తు పెట్టె పడుతుందా? పడకపోతే కేక్ సైజు ఇప్పుడే తగ్గించుకోవచ్చు.

మూడు అంతస్తులూ ఇంట్లో పేర్చి తీసుకెళ్లొద్దు. మూడు పెట్టెల్లో విడివిడిగా తీసుకెళ్లి హాల్లోనే పేర్చండి, చివరికి పొడవాటి డోవెల్ ఒకటి పై నుంచి కింది దాకా గుచ్చితే పక్కకి జరగవు. రాయల్ ఐసింగ్ (గుడ్డు తెల్లసొన, చక్కెరతో చేసి ఆరబెట్టే గట్టి ఐసింగ్) ముక్కలు, మెరాంగ్ (తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి కాల్చిన కరకర బిళ్లలు) లాంటివి మాత్రం ఆఖర్న పెట్టండి, బటర్‌క్రీమ్ తేమకి కొన్ని గంటల్లోనే మెత్తబడిపోతాయి.

ప్ర: ఊదారంగు పూలు వేస్తే మర్నాటికి నీలంగా మారాయి. రంగు నాసిరకమా?

జ: కాకపోవచ్చు. ఊదా అంటే గులాబీ, నీలం కలిసిన రంగు. వెలుతురులో గులాబీ ముందు వెలిసిపోతుంది, నీలం మిగిలిపోతుంది. ఎండే అక్కర్లేదు, ట్యూబ్‌లైట్ వెలుగు చాలు. లేత గులాబీ, లావెండర్ రంగులకి కూడా ఇదే ఇబ్బంది. కిటికీ లాంటి ప్లాస్టిక్ మూత ఉన్న పెట్టె వాడితే పైన ముదురు గుడ్డ కప్పండి. కూరగాయలు, పండ్ల నుంచి తీసిన సహజ రంగులైతే ఇంకా త్వరగా వెలుస్తాయి.

ప్ర: ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచిన కేక్ రాయిలా అయింది, పైగా ఉల్లిపాయ వాసన! పారేయడం తప్ప దారి లేకపోయింది. మళ్లీ అలా కాకుండా ఏం చేయాలి?

జ: ఇందులో రెండు మూడు సంగతులు కలిసిపోయాయి. వెన్నతో చేసిన కేక్ చల్లబడితే వెన్న గడ్డకట్టి కేక్ గట్టిగా అనిపిస్తుంది, దాన్ని బయట గంటా రెండు గంటలు ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. మీరు నేరుగా కోసి తిన్నారేమో, ఈసారి ఆగి చూడండి. కానీ మూత లేకుండా పెడితే మాత్రం ఫ్యాన్ తిరిగే ఫ్రిజ్‌లో పొడిగాలికి కేక్ ఎండిపోతుంది, ఆ ఎండిపోయింది తిరిగి రాదు.

వాసన విషయానికొస్తే, వెన్న, క్రీమ్ లాంటి కొవ్వు పదార్థాలు చుట్టుపక్కల వాసనలు ఇట్టే పట్టేస్తాయి. ముందు రోజే ఒక అర పూర్తిగా ఖాళీ చేసి తుడిచేయండి, కోసిన ఉల్లి, వెల్లుల్లి, చేపలు, ఘాటు చీజ్ గట్టి మూత ఉన్న డబ్బాల్లోకి మార్చండి లేదా ఆ ఒక్కరాత్రికి తీసేయండి. కేక్ పెట్టెకి ఫిల్మ్ చుట్టాలని పైన చెప్పాను కదా, అది ఇక్కడా పనికొస్తుంది. కోసిన కేక్ అయితే కోసిన పక్కకి ఫిల్మ్ ఆనించి అతికించండి.

ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉండాల్సిన క్రీమ్ కేక్ చేస్తున్నప్పుడు స్పాంజ్‌లో వెన్నకి బదులు పొద్దుతిరుగుడు లాంటి నూనె వాడండి. ఆ నూనె ఫ్రిజ్ చల్లదనంలో కూడా గడ్డకట్టదు కాబట్టి తీసిన వెంటనే కోసినా మెత్తగా ఉంటుంది. ఇది చిన్న మార్పే కానీ క్రీమ్ కేక్‌లు చేసే ప్రతి ఒక్కరికీ నేను గట్టిగా చెప్పే మాట.

ప్ర: గంట ప్రయాణం, కారులో కేక్ ఎవరి ఒళ్లో పెట్టాలి అని ఇంట్లో వాదన జరుగుతోంది. మీరే తేల్చండి.

జ: ఎవరి ఒళ్లోనూ వద్దు! ఒంటి వేడి కింది నుంచి తగులుతుంది, బ్రేక్ వేసిన ప్రతిసారీ చేతులు తెలియకుండానే పెట్టెను వంచేస్తాయి. సీటూ వద్దు, చాలా కార్లలో అది వెనక్కి వాలి ఉంటుంది. చదునుగా ఉండే చోటు కావాలి: ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోటు చదునుగా ఉంటే అది మంచిది, చిన్న కేక్‌కి సరిపోతుంది, ఏసీ గాలీ తగులుతుంది. డిక్కీ చదునుగా ఉన్నా చాలా కార్లలో అక్కడికి ఏసీ చేరదు, ఎండలో ఓవెన్ అయిపోతుంది. వెనక సీట్లు మడిస్తే క్యాబిన్‌తో కలిసిపోయే రకం కారైతే ఇబ్బంది లేదు.

పెట్టె కింద రబ్బరు మ్యాట్ పరవండి, జారదు. కేక్ బోర్డు పెట్టెలో అటూ ఇటూ కదలకుండా బిగుతుగా పట్టాలి, కేక్ బోర్డుకి అంటుకోవడానికి స్పాంజ్ పెట్టే ముందే చెంచాడు ఐసింగో కరిగించిన చాక్లెటో రాసుకోవాలి. బటర్‌క్రీమ్ కేక్‌ను బయల్దేరే ముందు రెండు మూడు గంటలైనా ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న బిగిసి కుదుపులకి తట్టుకుంటుంది, వేలు తగిలినా గుంట పడదు. మనుషులు ఎక్కే పావుగంట ముందే ఏసీ వేసి కారు చల్లబరచండి, తర్వాత కేక్ పెట్టండి. దిగాక కేక్‌ను పార్కింగ్‌లో వదిలేసి ముందు అందరినీ పలకరించి రావడం లాంటివి వద్దు.

ఎంత జాగ్రత్త పడ్డా చిన్న గీతలు పడొచ్చు కాబట్టి ఒక సంచిలో అదే రంగు ఐసింగ్ నింపిన పైపింగ్ బ్యాగ్, చిన్న ప్యాలెట్ నైఫ్, టిష్యూలు, కొన్ని అదనపు పూలు పెట్టుకోండి. గీత పడిన వైపు గోడకేసి తిప్పి పెడితే సగం పని అక్కడే అయిపోతుంది.

ప్ర: సరిగ్గా ఫంక్షన్ ముందు రోజే కరెంట్ పోతే? చీమల బెడద కూడా ఉంది మా ఇంట్లో.

జ: తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటలు, సగం నిండి ఉంటే 24. కాబట్టి కరెంట్ పోగానే కేక్ ఎలా ఉందో చూద్దామని తలుపు తీయకండి, అదే అసలు నష్టం. నాలుగు గంటలు దాటేలా ఉంటే ఐస్ ప్యాకులు వేసిన ఐస్‌బాక్స్ సిద్ధం చేసుకుని ఒక్కసారే మార్చేయండి.

చీమలకి, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద కేక్ పెట్టె పెట్టండి. పెట్టె అంచులు గోడకి గానీ కర్టెన్‌కి గానీ తగలకూడదు. చీమల మందు, చాక్‌పీసు, స్ప్రే లాంటివి కేక్ ఉన్న గదిలోకే రానివ్వకండి.

ప్ర: నిజమైన పూలు పెడితే చక్కగా ఉంటుందని మా అక్క అంటోంది. పెట్టొచ్చా?

జ: పెట్టొచ్చు, కానీ ఏ పూలో తెలిసి పెట్టాలి. గన్నేరు, ఉమ్మెత్త, హైడ్రేంజియా, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ విషపూరితమైనవి, అవి కేక్ దరిదాపుల్లోకి కూడా రాకూడదు, ‘తినరు కదా, పైన పెడతామంతే’ అనుకోకండి, పుప్పొడి, రసం అంటుకుంటాయి. గులాబీలు మంచివే, అయితే దుకాణంలో కొన్నవాటి మీద మందులు చల్లి ఉంటారు. మందు కొట్టని పెరటి పూలైతే మేలు. ఏవైనా సరే కాడను నేరుగా కేక్‌లో గుచ్చకుండా, ఫాయిల్ చుట్టి స్ట్రాలో దూర్చి ఆ స్ట్రాను గుచ్చండి. కటింగ్‌కి గంటా గంటన్నర ముందు పెడితే వాడిపోవు. తీగలు, పుల్లలు ఎన్ని గుచ్చారో కేక్ కోసేవాళ్లకి చెప్పి, పంచే ముందు అన్నీ లెక్కపెట్టి తీయించండి, పిల్లలు ఉన్నచోట ఇది మరీ ముఖ్యం.

ప్ర: కేక్ మీద వేసే ఫోటో ప్రింట్ ముందు రోజే అతికించొచ్చా?

జ: విప్పింగ్ క్రీమ్ మీద అయితే వద్దు, తేమకి ముడతలు పడి రంగులు పాకుతాయి. వేఫర్ పేపర్ (పిండితో చేసిన, తినగలిగే పల్చటి కాగితం) అయితే మరీ త్వరగా పాడవుతుంది, ఐసింగ్ షీట్ (చక్కెరతో చేసిన పల్చటి షీట్) కాస్త నయం. ముందు రోజే పని తేల్చుకోవాలంటే, ఫోటోను ఫాండెంట్ బిళ్ల మీదో పల్చటి వైట్ చాక్లెట్ పలక మీదో అతికించి విడిగా ఉంచుకుని, బయటికి తీసే ముందు కేక్ మీద పెట్టేయండి. షీట్‌ను వాడేదాకా దాని కవర్లోనే ఉంచండి, గాలి తగిలితే ఎండి విరుగుతుంది.